బంక మూల ఓటు

“లంగరుకి ఓటేస్తే ఆ ముసలాయన ఇంకో ఐదేళ్ళు కుర్చీ దిగడు. ముందే చెప్తున్నా, తరవాత నన్ననకండి,” అన్నాడు ప్లీడరు, ఫారం మీద మడతపుల్ల ఆపి.

“నువ్వు చెప్పకపోయినా దిగడు. పద్దెనిమిదేళ్ళ బట్టీ దిగాడా?” అంది ఎదురుగా కూర్చున్న సూదత్త. “అయినా రేవు అమ్మనంటున్నాడు కదా. తేనెటీగ వాళ్ళొస్తే నెల తిరక్కుండా అమ్మి పారేస్తారు. వాళ్ళ వెనకున్నవాడే చేపల డబ్బాల ఫ్యాక్టరీవాడు.”

“కుర్రాళ్ళు కొత్తగా పార్టీ పెట్టుకుంటే వెనక ఎవడో ఒకడు ఉండాలిగా!”

“ఉన్నవాడు ఊరికే ఉంటాడా? నీ వెనక ఎవడైనా ఊరికే ఉన్నాడా ఇంతవరకూ?”

బల్ల చుట్టూ నవ్వారు. ప్లీడరు కూడా నవ్వాడు. అతను కోర్టు మొహం చూసిన మనిషి కాదు. ఇరవై ఏళ్ళుగా ఫారాలు, అంటే పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, మడతపెడుతున్నాడు. ఏ తగాదా వచ్చినా రెండు పక్షాల తరఫునా తనే వాదిస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. సూదత్త మడతలు పెట్టిన ఫారాలని కుట్టుకి సిద్ధం చేస్తుంది. ఆవిడ మాట కూడా సూదిలాగే ఉంటుంది.

వాళ్ళు మాట్లాడుకుంటున్నది వాళ్ళ దేశం గురించి కాదు. ఎక్కడో సముద్రం మధ్య ఉన్న ఒక ద్వీపం గురించి. అక్కడ వచ్చే ఆదివారం ఎన్నికలు. లంగరు గుర్తు పార్టీ, తేనెటీగ గుర్తు పార్టీ పోటీపడుతున్నాయి. బైండింగ్ హాల్లో ఎవరూ ఆ ద్వీపాన్ని చూడలేదు. చూసే అవకాశమూ లేదు. కానీ ఎవరి వైపు ఉండాలో ఈరోజు తేలిపోవాలి.

కింది అంతస్తులో అచ్చుమిషను మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు ఆగుతుంది. అది తిరుగుతున్నంతసేపూ పైన నేల అదురుతూ ఉంటుంది, పక్కవాళ్ళ మాట కూడా సగమే వినపడుతుంది. ఆ గంటలోనే మనుషులకి నోళ్ళొస్తాయి. చేతులు మడతలు పెడుతూనే ఉంటాయి, ఒకరు పేపరు చదువుతారు. విదేశాల పేజీ మాత్రమే. ఒకప్పుడు ఊరి వార్తలు కూడా చదివేవారట. బల్లమీదే కొట్టుకున్నంత పనైతే మేస్త్రీ వచ్చి, “ఇక్కడి సంగతులొద్దు. బయటి దేశాలు ఎన్ని కావాలంటే అన్ని చదువుకోండి,” అని తేల్చేశాడు. అప్పటినుంచీ ఏ దేశంలో ఎన్నికలొచ్చినా బల్ల ఒక పార్టీని ఎంచుకుంటుంది. ఎక్కడ రాజుని దించినా, వెనకటి కాలంలో దిగిన రాజు కథ ఏదైనా పేపర్లో పడినా, విచారించి తీర్పు చెబుతుంది. అదంతా గోడవారనున్న ఆకుపచ్చ ఇనప బీరువా తలుపుల మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఎడమ తలుపు మీద దేశాలూ గుర్తులూ. కుడి తలుపు మీద దిగిన రాజులు. ఒక్కొక్క రాజు పక్కనా రెండు మాటల్లో ఏదో ఒకటి: “తగిన శాస్తి” లేదా “పాపం”.

“అమ్మాయ్ డిగ్రీ, ఇంకేమైనా ఉందా ఆ వార్తలో?” అన్నాడు ప్లీడరు.

“లంగరు పార్టీ ఒక విలేకరిని జైల్లో పెట్టిందట. అంతే,” అందామె.

ఆమె వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. నాలుగు నెలలుగా ఇక్కడ చివర స్టూలు మీద కూర్చుని మడతలైన ఫారాలని వరసలో పేరుస్తోంది, మధ్యాహ్నం పేపరు చదువుతోంది. ఉద్యోగాల పరీక్షలు రాసింది. ఫలితాలు రావాలి. ఏదో ఒకటి వచ్చేదాకా అని మేస్త్రీ తీసుకొచ్చాడు. మేస్త్రీ ఆమె మేనమామ. చదివేవాళ్ళకి ఓటు లేదు. ఉంటే వంకరగా చదువుతారట.

“సరే, పుల్లలెత్తండి. లంగరు?” అన్నాడు మేస్త్రీ, బీరువా దగ్గర సుద్దముక్కతో నిలబడి.

పుల్లలంటే మడతపుల్లలు. ఎముకతో చేసినవి, జానెడు పొడవు. మడత మీద గట్టిగా లాగితే కాగితం కత్తిరించినట్టు పడుకుంటుంది. బల్ల దగ్గర కూర్చునే ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది. మూడు లేచాయి.

“తేనెటీగ?”

నాలుగు.

అప్పుడు చూసింది డిగ్రీ. హాలు చివర, కిటికీలు లేని వైపు, బంక మూలలో, పొద్దంతా అట్టలకి బంక కాచే బంకక్క ఇటు తిరిగి ఉంది. లంగరు అన్నప్పుడే ఎత్తిందో ఏమో, చేతిలో బంక కుంచె భుజం దాకా లేచి ఉంది. కుంచె అంచునుంచి బంక సాగి కాలి పక్కన పడింది. ఎవరూ చూడలేదు. కుంచె నెమ్మదిగా దిగింది. ఆవిడ మళ్ళీ గిన్నెవైపు తిరిగింది.

మేస్త్రీ ఎడమ తలుపు మీద తేనెటీగ బొమ్మ గీశాడు. అది మామూలు ఈగలా వచ్చింది.

“బంకక్కని లెక్కపెట్టలేదేం?” అని ప్లీడరుని గొంతు తగ్గించి అడిగిందామె.

“ఆవిడకి పుల్లేదీ?” అన్నాడతను. అది జవాబే అన్నట్టు ఇంకో ఫారం లాక్కున్నాడు. కింద మిషను మొదలైంది, నేల అదిరింది.

•

సాయంత్రం మామయ్యతో కలిసి ఇంటికి నడిచింది. ఇళ్ళు పక్కపక్కనే. మామయ్య ఎప్పుడూ రెండడుగులు ముందు నడుస్తాడు, మాట్లాడాల్సినప్పుడు ఆగుతాడు. మందుల షాపు ముందు ఆగాడు.

“కిటికీ పక్కది నీకే అనుకుంటున్నాను.”

శనివారం నాడు పెద్దాయన పని మానేశాడు. కళ్ళు ఆనడం లేదు. బల్ల దగ్గర ఎనిమిది చోట్లలో కిటికీ పక్కది ఆయనది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెలుతురుంటుంది, గాలి ఉంటుంది, కింద వీధి కనిపిస్తుంది. రెండ్రోజులుగా అందరూ ఆ ఖాళీ కుర్చీని చూడనట్టు చూస్తున్నారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది మేస్త్రీ ఒక్కడే. అది ఎవరూ రాసిన రూలు కాదు. అలా జరుగుతూ వస్తోంది.

“నాకా? నేనొచ్చి నాలుగు నెలలేగా మామయ్యా.”

“కాగితం పట్టుకోవడం తెలుసు. చదువుకున్నదానివి. ఆ చివర చీకట్లో కూర్చుని పేపరు చదివితే కళ్ళేం కావాలి? మీ అమ్మ నన్ననదూ?” కాస్త నవ్వి మళ్ళీ నడక మొదలుపెట్టాడు.

ఆమెకి సంతోషమేసింది. అబద్ధమెందుకు? వెలుతురులో కూర్చుంటే మధ్యమధ్య పుస్తకం తెరుచుకోవచ్చు. ఇంటికెళ్ళి అమ్మతో చెబితే, అమ్మ వింటూనే తమ్ముడి ఇంటివైపు తిరిగి చేతులు జోడించింది. అన్నం తింటుంటే మాత్రం కుంచె గుర్తొచ్చింది. బంక చుక్క సాగి కిందపడటం. చెయ్యి కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయింది.

•

మంగళవారం అట్టలు మోసుకుని బంక మూలకి వెళ్ళాల్సొచ్చింది. వెళ్ళిన మనిషి అక్కడ నిలబడిపోయింది.

పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. అందులో దించిన చిన్న గిన్నెలో బంక. ముందురోజు నానబెట్టిన బంక పలుకులు కరిగి తేనె రంగుకొచ్చాయి. బంకక్క గరిటె తిప్పుతూనే ఉంది. ఆపితే పైన మీగడలాగా తొడుగు కడుతుంది, అడుగున ముద్ద కడుతుంది. నీళ్ళు ఎక్కువ మరిగితే బంకకి పట్టు పోతుంది, చల్లారితే కుంచె కదలదు. ఆవిరి తిన్నగా మొహంలోకి వస్తోంది. ఆవిడ కుడికన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది, మోచేత్తో తుడుచుకుంటోంది. వేళ్ళ చివర్లు నున్నగా, గీతలు చెరిగిపోయి ఉన్నాయి.

“ఏమ్మా డిగ్రీ, ముక్కు మూసుకోలేదేం? అందరూ మూసుకునే వస్తారు ఇక్కడికి.”

“నిన్న మీరు లంగరుకి ఎత్తారు కదక్కా.”

గరిటె ఒక చుట్టు ఆగి, మళ్ళీ తిరిగింది.

“చూశావా? అయితే బాగానే ఉన్నాయి నీ కళ్ళు. లంగరే మరి. ఆ ముసలాడు మంచోడని కాదు. రేవు అమ్మేస్తే మూటలు మోసేవాళ్ళేమైపోతారు? ముందు రేవు నిలబెట్టుకుని, తరవాత ముసలాణ్ణి దించుకోవచ్చు. రేవు పోతే మళ్ళీ వస్తుందా?” ఆవిడ అట్ట మీద కుంచె లాగింది. ఒక్క లాగుడుకే అంచుదాకా సమంగా పరుచుకుంది. “ఆ మధ్య మంచుదేశం ఎన్నికల్లో కూడా మీ బల్ల తప్పు గుర్తు ఎంచింది. నేను వెనక్కి తిరిగి ఉన్నా చెవులు ఇటే ఉంటాయి. పధ్నాలుగేళ్ళ లెక్క నా దగ్గర వేరే ఉంది.”

“కిటికీ పక్క చోటు అడగలేదా మీరు?”

“మూడుసార్లు అడిగాను. చోటు ఖాళీ అయినప్పుడల్లా అడిగాను. కంటి డాక్టరు ఆవిరి దగ్గరుండొద్దన్నాడని చీటీ కూడా చూపించాను. ఈ కన్ను పోతే రెండోదాన్ని కూడా నమ్మలేమన్నాడు. మీ మామయ్య ఏమన్నారో తెలుసా? నీ చెయ్యి బంగారం, నీ బంక ఇంకెవరికీ రాదు అన్నారు.” ఆవిడ నవ్వింది. “బంగారాన్ని బీరువాలోనేగా పెడతారు.”

ఆమె మోసుకొచ్చిన అట్టలు కిందికి దించింది.

“మీ మామయ్య చెడ్డవాడని కాదమ్మా. నాకు జ్వరమొస్తే ఇంటికొచ్చి మందిచ్చి వెళ్ళారు. నాలుగో రోజు మళ్ళీ వచ్చి, బంక పాడవుతోంది, ఎప్పుడొస్తావ్ అన్నారు. రెండూ ఆయనే.”

ఆవిడ పక్కనున్న పాడైన ఫారం ఒకటి తీసుకుని గోటితో మడిచింది. ఒక మడత, అడ్డం తిప్పి రెండోది, మళ్ళీ తిప్పి మూడోది. పదహారు పేజీలు వరసగా వచ్చాయి, అంచుకి అంచు అతికినట్టు. “పాత క్యాలెండర్లతో ఇంట్లో నేర్చుకున్నాను. మడత రాదనుకుంటారేమోనని.” ఆ ఫారాన్ని ఆమె చేతిలో పెట్టింది. “ఈసారి అడగలేదులే. ఎవరికో తెలుసుగా.”

ఆమె ఆ ఫారం పట్టుకుని స్టూలు దగ్గరికి వచ్చింది. ఆరోజు రెండుసార్లు వరస తప్పు పేర్చింది. సూదత్త పట్టుకుని విసిరికొట్టింది. “నాలుగో ఫారం తరవాత ఆరోది వస్తుందా ఎక్కడైనా? ఏ కాలేజీలో చెప్పారే నీకు?”

•

బుధవారం భోజనాలయ్యాక మేస్త్రీ ఆమె దగ్గరికొచ్చి జేబులోంచి ఒక పుల్ల తీసి ఇచ్చాడు. పెద్దాయనది. ఒక పక్క బొటనవేలు ఆనినచోట పల్లంగా అరిగి ఉంది. పుల్ల కుర్చీతోపాటు వస్తుంది. మాట బయటికి అనకపోయినా అందరికీ అర్థమైంది. ప్లీడరు మాత్రం, “ఇంక చదివేవాళ్ళకీ ఓటొచ్చిందన్నమాట. రాజ్యాంగం మారింది,” అన్నాడు.

“చదువు,” అన్నాడు మేస్త్రీ.

కొండల దేశపు పాత రాజు చనిపోయాడు. ఇరవై ఏళ్ళ కిందట జనం దించేస్తే పరదేశం వెళ్ళి, అద్దె ఇంట్లో ఉంటూ, ఎనభై నాలుగో ఏట పోయాడు. నలభై ఏళ్ళు ఏలాడు. కోటలో పనిచేసే నాలుగు వందల మందినీ పేరుపెట్టి పిలిచేవాడట. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తనే వెళ్ళి చూసేవాడట. జనం గేట్లు తోసుకుని లోపలికొచ్చిన రోజున తుపాకులు పేల్చొద్దన్నాడట. “నేను ఎవరికీ చెడు చెయ్యలేదు. నన్నెందుకు పొమ్మన్నారో ఇప్పటికీ అర్థం కాలేదు,” అని చివరి రోజుల్లో చూడటానికొచ్చిన విలేకరితో అన్నాడట.

ఆమె చదవడం ఆపింది.

“పాపం,” అన్నాడు ప్లీడరు. “కాల్చొద్దన్నాడు చూడు. అక్కడే గెలిచాడు నా దగ్గర.”

“కాల్చకపోవడం కూడా గొప్పేనా? నేనూ ఎవరినీ కాల్చలేదు. నాకూ కిరీటం పెట్టండి,” అంది సూదత్త.

“దించినవాళ్ళు మాత్రం ఏం ఉద్ధరించారు? ఇప్పటికి ఏడుగురు ప్రధానులు మారారు.”

“మారారంటే మార్చుకోగలిగారనేగా! వాడైతే నలభై ఏళ్ళకీ ఒక్కడే.”

“మంచివాడైతే ఒక్కడే ఉంటే ఏం పోయింది?”

“మంచివాడో కాదో ఎవరు చెప్పాలి? వాడేనా?”

మేస్త్రీ సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. “చాలు. పుల్లలెత్తండి. పాపం?”

నాలుగు లేచాయి.

“తగిన శాస్తి?”

మూడు. అందరూ ఆమెవైపు తిరిగారు. పెద్దాయన పుల్ల ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆమె లేచింది. ఎందుకు లేచిందో లేచేదాకా ఆమెకే తెలీదు. హాలు పొడుగునా నడిచి బంక మూలకి వెళ్ళింది. “అక్కా, ఇది మీరు పట్టుకోండి. గరిటె నేను తిప్పుతాను,” అంది.

“నాకెందుకమ్మా?”

“మీ ఓటు నాకు తెలీదు. మీరే వెయ్యండి.”

బంకక్క పుల్ల వైపు చూసింది, మేస్త్రీ వైపు చూసింది. చేతులు పమిటకి తుడుచుకుంది. పుల్లకి బంక అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుంది.

“నాకొక సంగతి చెప్పండి,” అంది. పెద్దగా మాట్లాడటం అలవాటు లేని గొంతు. మొదటి ముక్క బొంగురుగా వచ్చింది. “ఆయన పేరుపెట్టి పిలిచిన నాలుగు వందల మందిలో వంటపొయ్యి దగ్గరివాడు ఎప్పుడైనా పొయ్యి దగ్గర్నుంచి లేచాడా? ఆ నలభై ఏళ్ళలో? అది రాశారా అందులో?”

“రాయలేదక్కా,” అందామె, గరిటె తిప్పుతూ.

“ఆయన చెడ్డవాడు కాడు. నేను నమ్ముతాను. చెడ్డవాడైతే పదేళ్ళకే దించేవాళ్ళు. మంచివాడు కాబట్టే నలభై ఏళ్ళు పట్టింది.” పుల్ల పైకెత్తింది. “తగిన శాస్తి.”

సూదత్త దారాన్ని పంటితో తెంపింది.

నాలుగూ నాలుగూ. సమానమైతే మేస్త్రీ మాటే తీర్పు. ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ ఆలోచించింది లేదు, అప్పటికప్పుడు చెప్పి రాసేసేవాడు. ఈసారి కుడి తలుపు మీద “కొండల దేశం” అని రాశాడు. పక్కన చెయ్యి ఆగింది. సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

“రేపు చెప్తాను,” అన్నాడు.

•

ఇంటికెళ్ళేటప్పుడు మామయ్య రెండడుగులు కాదు, పదడుగులు ముందు నడిచాడు. మందుల షాపు దగ్గర ఆగలేదు. వాళ్ళ ఇంటి గుమ్మం దాకా వచ్చి అప్పుడు తిరిగాడు.

“నలుగురిలో నా పరువు తియ్యడానికా నిన్ను తీసుకెళ్ళింది?”

“మీ మాటే ఎత్తలేదు కదా మామయ్యా. రాజు గురించే కదా.”

“నాకు తెలీదనుకున్నావా ఎవరి గురించో?”

లోపల అమ్మ అంట్లు తోమడం ఆపింది. ఆమె గుమ్మం ముందే ఆగి గోడ పట్టుకుంది.

“ఆ చోటు నాకొద్దు మామయ్యా. అక్కకివ్వండి.”

“మరి బంక ఎవరు కాస్తారు?”

“నేను.”

“నువ్వా?” అతని గొంతు పెరిగింది. “నిన్ను చదివించింది బంక కాయడానికా?”

“ఆవిణ్ణి వాళ్ళమ్మ పెంచింది బంక కాయడానికా?”

అనేశాక నాలిక కరుచుకుంది. మామయ్య ముందు అలా ఎప్పుడూ మాట్లాడలేదు. ఫీజు కట్టాల్సొచ్చిన ప్రతిసారీ అమ్మ అడక్కముందే వచ్చి నిలబడిన మనిషి. అతను జేబులో చెయ్యిపెట్టి ఏదో వెతుక్కున్నాడు. సుద్దముక్క తగిలినట్టుంది, చెయ్యి తీసేశాడు. చెప్పుల చప్పుడు దూరమయ్యాక అమ్మ బయటికొచ్చింది.

“వాడేం తక్కువ చేశాడే నీకు?”

“ఏమీ తక్కువ చెయ్యలేదమ్మా. అదే,” అంది. అదే ఏమిటో అమ్మకి విడమరిచి చెప్పడం చేతకాలేదు.

•

గురువారం మేస్త్రీ తీర్పు చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆమె పేపరు చదివింది, ఏం చదివిందో గుర్తులేదు. మిగతా పొద్దంతా ఫారాలు పేర్చడం ముగించుకున్నప్పుడల్లా బంక మూలకి వెళ్ళి నేర్చుకుంది. ఎన్ని పలుకులకి ఎన్ని నీళ్ళు, ఎంతసేపు నాననివ్వాలి, గరిటెనుంచి తీగ తెగకుండా జారితే చాలు, చుక్కలుగా పడితే పలచన. “చెయ్యి చెబుతుంది. వాచీ చూడకు,” అంది బంకక్క. ఆమె చెయ్యి ఏమీ చెప్పలేదు. కాలడం మాత్రం తెలిసింది.

మేస్త్రీ చూశాడు, వద్దనలేదు. సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటుంటే వచ్చి బంకక్కతో అన్నాడు, మొహం చూడకుండా:

“రేపట్నుంచి కిటికీ దగ్గర కూర్చో. వారం చూస్తాను. బంక చెడిందా, మళ్ళీ నీ చోట్లో నువ్వు.”

“అలాగేనండి,” అంది బంకక్క. కుళాయి కట్టెయ్యడం మర్చిపోయింది.

•

శుక్రవారం పొద్దున్నే బంకక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో ముందుకి వంగి కూర్చుంది, పూర్తిగా కూర్చుంటే ఎవరో లెమ్మంటారన్నట్టు. కిటికీలోంచి వెలుతురు బల్లమీద పడుతోంది. మొదటి గంటంతా ఒక్కొక్క మడతనీ రెండుసార్లు సరిచూసుకుంది. తరవాత చూసుకోలేదు. మడతలు దొంతరగా లేస్తుంటే ప్లీడరు పక్కకి చూసి తన చేతుల వేగం పెంచాడు. “ఏమండోయ్, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు ఈవిణ్ణి?” అన్నాడు. అని, తనే తల దించుకున్నాడు.

బంక మూలలో ఆమెకి ఊపిరాడటం లేదు. ఆవిరికి కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, నీళ్ళలో గరిటె రెండుగా కనిపిస్తోంది. వెనక హాలంతా ఉంది, ఎవరి మొహమూ కనపడదు. మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, నవ్వు వినిపిస్తే ఎందుకో తెలియదు. ఇలా పధ్నాలుగేళ్ళా? వీపు మీద ఏదో పాకుతున్నట్టుండి రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఆ రెండుసార్లలోనే గరిటె ఆగింది. అడుగు ముద్ద కట్టింది.

భోజనాలయ్యాక అట్టలేసిన పుస్తకాల్లో ఒకటి మేస్త్రీ చేతికి వచ్చింది. తెరిచి వీపు పట్టుకుని మెల్లగా లాగాడు. అట్ట ఊడొచ్చింది. ఇంకోటి తీశాడు. అదీ ఊడింది. మూడోది తియ్యలేదు.

కింద మిషను అప్పుడే ఆగింది. హాల్లో చప్పుడంతా ఒక్కసారిగా పోయింది. అట్ట బల్లమీద పెట్టిన శబ్దం అందరికీ వినపడింది.

బంకక్క లేచింది. పుల్లని బల్లమీద, కాగితాల పక్కన, తిన్నగా పెట్టింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే కొంగు నడుముకి చుట్టుకుని బంక మూలవైపు అడుగేసింది. పొద్దున పెట్టుకున్న ఆశ ఆ ఒక్క అడుగులో ఆవిడ మొహంలోంచి దిగిపోవడం సూదత్త చూసింది. “చెప్పండి మేస్త్రీగారూ, ఇంత తొందరా!” అంటూ ఉండబట్టలేక తనూ లేచింది.

“కూర్చో,” అన్నాడు మేస్త్రీ.

సూదత్తనో బంకక్కనో తెలియలేదు. ఇద్దరూ నిలబడిపోయారు.

“నిన్నే. నీ చోట్లో కూర్చో.”

అతను చొక్కా చేతులు మడుచుకుంటూ హాలు పొడుగునా నడిచి బంక మూలకి వచ్చాడు. మేనకోడలి చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. ఆమె చేతులు కాలి ఎర్రగా ఉన్నాయి. చూశాడు.

“జరుగు. మొహం కడుక్కుని పేపరు చదువు. ఇది నేను చూస్తాను.”

“మీకు వచ్చా మామయ్యా?” మేస్త్రీగారూ అనాలని తరవాత గుర్తొచ్చింది.

“ఈ మూల్లోనే మొదలుపెట్టాను. ఆర్నెల్లు కాచాను.” మంట తగ్గించి, ముద్దని గరిటెతో విడగొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి, గిన్నెలోకే చూస్తూ అన్నాడు: “అప్పుడు మేస్త్రీ మా మేనమామ. ఆర్నెల్లకే లేపాడు.”

ఆమె మొహం కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. పేపరు తెరిచింది. విదేశాల పేజీలో ఎక్కడా ఎన్నికలు లేవు, ఎవరినీ దించలేదు. వర్షాల గురించి ఉంది. రెండు వాక్యాలు చదివి ఆపింది.

“అయితే పాత బాకీ తీర్చేద్దాం. కొండల దేశం రాజు సంగతి అలాగే ఉండిపోయింది,” అన్నాడు ప్లీడరు బీరువా వైపు చూస్తూ. అని, ఎందుకన్నానా అన్నట్టు పక్కవాళ్ళని చూశాడు. కుడి తలుపు మీద ఆ పేరు పక్కన ఖాళీ అలాగే ఉంది. “సమానమైంది కదా. మేస్త్రీగారు చెప్పాలి.”

మేస్త్రీ వెనక్కి తిరగలేదు. గరిటె తిరుగుతోంది. వీపు మీద చొక్కా చెమటకి అంటుకుంటోంది.

“ఆయన చేతిలో పుల్ల లేదుగా,” అని ఎవరో మెల్లగా అన్నారు.

“పుల్లెందుకు?” అంది కిటికీ పక్కనుంచి బంకక్క. “పాపం అనేవాళ్ళు?”

బంక మూలలో ఏమీ కదల్లేదు. గరిటె ఒక్కటే.

“తగిన శాస్తి?”

పేపరు ఆమె ఒళ్ళోంచి జారింది, తీసుకోలేదు. మేస్త్రీ కుడిచేత్తో గరిటె తిప్పుతూనే, ఎడమచేత్తో బంక కుంచె అందుకున్నాడు. అది భుజం దాకా లేచింది. కుంచె అంచునుంచి బంక సాగి మోచేతి మీద పడింది. వేడిగానే ఉండుంటుంది. చెయ్యి దించలేదు.

“ఐదు,” అంది బంకక్క.

సుద్దముక్క మేస్త్రీ జేబులో ఉంది. డిగ్రీ వెళ్ళి ఆ జేబులోంచి తీసుకుని బీరువా దగ్గరికి వచ్చింది. ఖాళీలో “తగిన శాస్తి” అని రాసింది. రాసి తిరిగి చూసేసరికి అందరూ బంక మూలవైపే చూస్తున్నారు. కుంచె ఇంకా పైనే ఉంది. కుడిచెయ్యి ఆగిపోయింది.

“గరిటె ఆపకండి మేస్త్రీగారూ, అడుగంటుతుంది,” అంది బంకక్క, ఇంకో ఫారం దగ్గరికి లాక్కుంటూ.

అతను మళ్ళీ తిప్పసాగాడు.